చీమ కుట్టినట్టు కూడా ఉండదు

నేను నర్సుగా చేరిన మూడో వారంలో నా కుడికాలి బూటు కనబడకుండా పోయింది. పొద్దున్న ఐదున్నర. గరాజ్ తలుపు పక్కన చాప మీద ఎడమది ఒక్కటే ఉంది. ఏడింటికి షిఫ్టు. ఆరుకల్లా దారిలో వచ్చే బాతెల్ ఊరు దాటకపోతే బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతాను. మా ఆయన ఫోన్ లైటు వేసుకుని సోఫా కింద దూరాడు. అత్తయ్య నా లంచ్ డబ్బా పట్టుకుని, "పొద్దున్నే ఈ వెతుకులాటేంటమ్మా, రాత్రే చూసి పెట్టుకోవద్దూ" అంటూ నా వెనకే తిరిగారు. "రాత్రే పెట్టుకున్నానత్తయ్యా!" అని అరిచి, వెంటనే నాలుక కరుచుకున్నాను. పైన మా అమ్మాయి నిద్రపోతోంది. ఆఖరికి వాకింగ్‌కి వేసుకునే పాత బూట్లు తొడుక్కుని పరిగెత్తాను.

మధ్యాహ్నం బ్రేక్‌లో ఫోన్ చూస్తే అత్తయ్య ఒక ఫోటో పంపారు. బియ్యం డబ్బా మూత తీసి ఉంది. సోనామసూరి మధ్యలో నా తెల్ల బూటు, ముక్కు పైకి పెట్టుకుని. దాని కింద వాయిస్ మెసేజ్: "ఆసుపత్రి అంతా తొక్కొచ్చిన చెప్పు తెచ్చి నా బియ్యంలో పెట్టిందమ్మా నీ కూతురు. ఎందుకు పెట్టావే అంటే గుడ్లప్పగించి చూస్తోంది. ఇప్పుడీ బియ్యం ఏం చేయమంటావ్?" బ్రేక్ రూమ్‌లో ఒక్కదాన్నే పకపకా నవ్వాను. నవ్వు ఆగాక మనసు చివుక్కుమంది. ఎందుకు దాచిందో నాకు తెలుసు. ముందురోజు రాత్రి దాన్ని పడుకోబెడుతూ, "రేపు నాకు సెలవు, పొద్దున్న నేనే నీకు దోసె వేసి పెడతాను" అని చెప్పాను. ఆరేళ్ళ పిల్ల నా మాట నమ్మలేదు. నమ్మకుండా, నేను కదలకుండా ఉండే ఏర్పాటు తనే చేసుకుంది.

మా ఇంట్లో దీన్ని అబద్ధం అనుకునే అలవాటు లేదు. పిల్లలకి కాకినో కుక్కనో చూపిస్తుంటే తల్లి వెనకగా జారుకోవడం, "అమ్మేదీ?" అంటే "ఇప్పుడే వస్తుంది" అనడం, మమ్మల్నీ అలాగే పెంచారు. ఏడిపించకుండా వెళ్ళడమే ప్రేమ అనుకునేవాళ్ళం. నేను ఉద్యోగంలో చేరాక ఇంట్లో ముగ్గురం కలిసి దీన్నొక పద్ధతిగా నడిపించాం. నేను రాత్రి సెలవని చెప్తాను. పిల్ల లేవగానే మా ఆయన కార్టూన్లు పెడతాడు. అత్తయ్య "అమ్మ కొట్టుకెళ్ళింది, ఇప్పుడే వస్తుంది" అంటారు. గరాజ్ తలుపు లేచేటప్పుడు ఇల్లంతా దడదడలాడుతుంది కాబట్టి, ఆ చప్పుడుకి పిల్ల లేవకుండా రాత్రే కారు తీసుకెళ్ళి వీధి చివర పార్క్ చేసి వచ్చేదాన్ని. పొద్దున్న వానలో తడుస్తూ వీధి చివరికి నడుస్తున్నప్పుడు, ఎంత మంచి తల్లినో అని నా మీద నాకే జాలేసేది.

అసలు నేను నర్సు అవుతానని ఎవరూ అనుకోలేదు. నేను మా ఆయన ఉద్యోగం వల్ల డిపెండెంట్ వీసా మీద ఈ దేశం వచ్చినదాన్ని. మా టౌన్‌హోమ్‌ల వరుసలో నాలాగే వచ్చిన వాళ్ళందరూ వర్క్ పర్మిట్ చేతికి రాగానే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరారు. నేనూ చేరి రెండు వారాలకి మానేశాను. అంతకుముందు, మా అమ్మాయి ఇంకా ఏడాది నిండకుండానే ఊపిరాడక మూడు రోజులు హాస్పిటల్‌లో ఉంది. రెండో రోజు ఒక నర్సు నన్ను చూసి, "మీరు ఇంటికెళ్ళి స్నానం చేసి రండి. మీరొచ్చేదాకా నేను ఈ కుర్చీలోంచి లేవను" అంది. గంటన్నర తర్వాత వచ్చాను. ఆవిడ అదే కుర్చీలో ఉంది. ఒళ్ళో మా పిల్ల నిద్రపోతోంది. టెస్టింగ్ క్లాసులో కూర్చున్న ప్రతిసారీ నాకు ఆ కుర్చీయే గుర్తొచ్చేది.

కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ చదవడానికి చేరుతున్నానంటే చుట్టాలు "నర్సా?" అని ఒక్క ముక్క అని ఊరుకున్నారు. ఆ ఒక్క ముక్కలో ఎన్ని ఉన్నాయో తెలుగువాళ్ళకి నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. నాకు మొండితనం పాలు ఎక్కువ, ఆ ముక్కతోనే పట్టుదల పెరిగింది. అత్తయ్య ఒక్కరే, "ఆసుపత్రిలో డాక్టరు రెండు నిమిషాలు కనబడతాడు. మిగతా రోజంతా చూసేది నర్సమ్మే కదా. చదవనీ" అన్నారు. ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే, ఆర్నెల్లకి సరిపడా పచ్చళ్ళతో దిగిపోయారు. డెబ్భైకి దగ్గర పడుతున్న మనిషి నాకంటే ముందే లేచి నా డబ్బా కట్టేవారు. ఆవిడ లేకపోతే నేను ఆ ఉద్యోగంలో నెల కూడా నిలిచేదాన్ని కాదు. ఈ మాట ఆవిడకి ఎదురుగా చెప్పడానికి మాత్రం నాకు చాలా కాలం పట్టింది.

ఇక పిల్లల వార్డు సంగతి. కొత్తగా చేరిన నర్సు పక్కనే కొన్ని నెలలపాటు ఒక పెద్ద నర్సుని ఉంచి పని నేర్పిస్తారు. నాకు పెట్టినావిడ ముప్పై ఏళ్ళకి పైగా అదే వార్డులో ఉన్నారు. నీళ్ళ అవతల ద్వీపం నుంచి రోజూ ఫెర్రీలో వస్తారు. మెడలో దారానికి కళ్ళజోడు, మోకాళ్ళ నొప్పి, ఎప్పుడు చూసినా నిలబడే తినే సాండ్‌విచ్. ముగ్గురు కొడుకుల్ని ఈ పన్నెండు గంటల షిఫ్టుల మధ్యే పెంచారు. గొంతు పెంచి మాట్లాడగా నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఆవిడ పద్ధతులు మొదట్లో నాకు చాదస్తంగా తోచాయి. నాలుగు నెలల పసిపాప గదైనా సరే, తలుపు మీద రెండుసార్లు తట్టి, తనెవరో చెప్పి లోపలికి వెళ్తారు. "పాపకేం తెలుస్తుంది?" అన్నాను నవ్వుతూ. "నాకు తెలుస్తుందిగా" అన్నారు. సూది వేయాలంటే పిల్లని మంచం మీద అదిమి పట్టుకోనివ్వరు, తల్లి ఒళ్ళో కూర్చోబెట్టిస్తారు. ఆ సమయంలో గదిలో ఒక్కరే మాట్లాడాలి. మన ఇళ్ళల్లో పిల్లకి మందు తాగించాలంటే అమ్మ, నాన్న, తాత, పక్కింటావిడ అందరూ ఒకేసారి మాట్లాడతారు కదా, నాకు ఆ నిశ్శబ్దం అలవాటు కావడానికే పది రోజులు పట్టింది.

అన్నిటికన్నా విచిత్రం టమాటా. వంటింట్లో వాడే టైమర్, ఎర్రగా టమాటా ఆకారంలో ఉంటుంది. దాన్ని జేబులో వేసుకుని తిరుగుతారు. గదిలోంచి బయటికి వెళ్ళేటప్పుడు ఏ పిల్లకీ "ఇప్పుడే వస్తా" అని చెప్పరు. "ఇరవై నిమిషాల్లో వస్తాను" అని, టమాటా తిప్పి పిల్ల చేతికిచ్చి వెళ్తారు. అది మోగేలోపు గుమ్మంలో ఉంటారు. ఉండలేకపోతే నన్ను తరిమేవారు, "వెళ్ళి చెప్పు, ఇంకో పది నిమిషాలు పడుతుందని." పిల్లలకి ఈ కబుర్లు మోయడానికే నా కాళ్ళు అరిగిపోతున్నాయని ఇంటికొచ్చి మా ఆయన దగ్గర విసుక్కునేదాన్ని. కానీ ఒకటి గమనించాను. ఆవిడ చూసుకునే పిల్లలు ఏడుస్తారు, కానీ ఆవిడ మీద ఏడవరు. ఆవిడ సూది పట్టుకొచ్చినా చెయ్యి చాపుతారు. అదెలా సాధ్యమో నాకు అంతుపట్టలేదు.

అక్టోబరులో నాలుగేళ్ళ తెలుగు పాప ఒకతె వార్డుకి వచ్చింది. మూడు రోజులుగా వాంతులు, విరేచనాలు. పెదాలు ఎండిపోయాయి. సెలైన్ ఎక్కించడానికి చేతికి సూది వేయాలి. తండ్రి లాప్‌టాప్ మూసి చేతులు నలుపుకుంటున్నాడు. తల్లి రెండు రాత్రులు నిద్రలేని మొహంతో ఉంది. నేను తెలుగులో పలకరించగానే, "అయ్యో అక్కా, మీరు మనోళ్ళేనా!" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా పెద్ద నర్సు నాతో, "ఇవాళ ఆ ఒక్క గొంతు నీదే. వాళ్ళ భాష నీ దగ్గరుంది, నేను నోరు మూసుకుంటాను" అన్నారు. నాకు చెప్పలేనంత గర్వం వేసింది. ఇన్నాళ్ళకి ఆవిడకి రానిది నాకొకటి వచ్చింది.

పాప తల్లి ఒళ్ళో కూర్చుని నన్ను అడిగింది. "ఆంటీ, సూది వేస్తవా?"

నాకు తడుముకోవాల్సిన అవసరమే రాలేదు. మా ఇంట్లో వందసార్లు విన్న మాటలు వాటంతటవే వచ్చేశాయి. "సూదెందుకమ్మా? ఊరికే చెయ్యి తుడుస్తాను. చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"చూసినవా, ఆంటీ ఏం చెయ్యదంట" అంది తల్లి, ఊపిరి పీల్చుకుంటూ. పాప చెయ్యి చాపింది.

సూది ఒక్కసారికే సరిగ్గా పడింది. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయిన పిల్లల నరం ఒక్కసారికి దొరకడం కొత్త నర్సుకి పండగ. పాప వెంటనే ఏడవలేదు. ముందు నా మొహంలోకి చూసింది. ఆ తర్వాత ఏడ్చింది. నేను టేపు అంటిస్తూ "అయిపోయింది, అయిపోయింది" అని పాట పాడుతున్నాను, లోపల మాత్రం నా పనితనానికి మురిసిపోతున్నాను.

ఆ పూట నుంచి పాప నా చేతిలోది ఏదీ ముట్టుకోలేదు. నోటితో తాగడం మొదలుపెడితేనే ఇంటికి పంపుతారు. ఆపిల్ జ్యూస్ పట్టుకెళ్తే తల్లి భుజంలో మొహం దాచుకుంది. "అండ్ల మందుంది" అంది. "లేదమ్మా, జ్యూసే" అన్నాను. "నువ్వు అట్లనే చెప్తవ్" అంది. తల్లి ఇచ్చినా తాగలేదు, తల్లి కూడా నాకు వంత పాడింది కదా. జ్వరం చూసే కర్రని చూసినా రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

మా పెద్ద నర్సు నన్ను సామాన్ల గదిలోకి పిలిచారు. "సూది వేసేముందు ఆ పాపతో ఏం చెప్పావ్?" అని అడిగారు. ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. మార్చి చెప్తుంటే ఆ మాటలు నా చెవికే బాగోలేవు.

"నాకు మీ భాష రాదు. కానీ ఆ పాప నిన్ను చూసిన చూపు నాకు తెలుసు. నేను చేరిన మొదటి ఏడాది నన్నూ ఒక పిల్ల అలాగే చూసింది" అన్నారు.

"మా దగ్గర అలాగే చెప్తాం. పిల్ల భయపడకూడదని" అన్నాను. నాకు ఒళ్ళు మండుతోంది. మా పిల్లల్ని ఎలా పెంచుకోవాలో ఈవిడ నాకు చెప్పాలా అనిపించింది.

"సరే. రేపు పొద్దున్న రక్తం తీయాలి. నొప్పేస్తుందా అని రేపు ఆ పాప ఎవర్ని అడగాలి?"

అక్కడ నిలబడి ఉండగా నా కళ్ళముందుకి బియ్యం డబ్బాలో బూటు వచ్చింది. మా ఇంట్లో కూడా ఒక పిల్లకి అడగడానికి మనిషి లేదు. అమ్మని అడిగితే సెలవంటుంది, నానమ్మని అడిగితే కొట్టుకెళ్ళిందంటుంది, నాన్న టీవీ పెడతాడు. కోపం ఎక్కడికి పోయిందో తెలీదు, సిగ్గుతో చచ్చిపోయాను.

"నీ చెయ్యి మంచిది, దాని గురించి నాకు దిగుల్లేదు. పద, వెళ్ళి ఆ పాపకి సారీ చెప్పు" అన్నారు. నాకు సరిగ్గా అర్థం కాలేదేమో అనుకున్నాను. పెద్దవాళ్ళు నాలుగేళ్ళ పిల్లకి క్షమాపణ చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆవిడ నాతో వచ్చారు. తలుపు తట్టారు. మోకాళ్ళు పటపటమంటుంటే నేల మీద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

"నేను నీకు అబద్ధం చెప్పాను" అన్నాను పాపతో. "సూది వేయనని చెప్పి వేశాను. నొప్పేసింది కదా. తప్పు నాదే. సారీ." తల్లి "అయ్యో అక్కా, అదేంది" అని కంగారుపడింది. పాప నన్నే చూసింది. తర్వాత బల్ల మీద జ్యూస్ గ్లాసు చూపించి, "అండ్ల మందుందా?" అంది.

"లేదు."

"ఇండ్ల?" పక్కనున్న చిన్న కప్పు చూపించింది.

"ఇందులో ఉంది. చేదుగా ఉంటుంది."

పాప ఆ చేదు కప్పే ముందు తీసుకుంది. తాగి, మొహం అంతా ముడుచుకుని, "అవును, చేదుంది" అని ఒప్పుకుంది. తర్వాత జ్యూస్ కూడా తాగింది. నా పక్కన నేల మీద కూర్చున్న ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నా భుజం మీద చెయ్యి వేసి, దాన్నే ఊతంగా చేసుకుని లేచారు. ఆ క్షణంలో ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. పెడితే కంగారుపడతారని ఊరుకున్నాను.

ఆ రోజు ఇంటికెళ్ళి, పడుకోబెట్టేటప్పుడు మా అమ్మాయితో చెప్పాను. "రేపు నాకు డ్యూటీ ఉంది. నువ్వు లేచేసరికి నేను ఉండను. రాత్రి ఎనిమిదికి వస్తాను. ఇదివరకు సెలవని చెప్పి వెళ్ళిపోయాను కదా, అదంతా అబద్ధం. సారీ."

"నువ్వు లై చేశావా?"

"చేశాను."

"హౌ మెనీ టైమ్స్?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయాను. చాలలేదు. "చాలాసార్లు" అన్నాను. అది గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి అటువైపు నుంచే, "వెళ్ళేటప్పుడు నన్ను వేక్ చెయ్యి" అంది.

లేపాను. అది ఏడ్చింది. మెట్ల మీద నా కాళ్ళు చుట్టేసుకుని, మా ఆయన వచ్చి విడదీసేదాకా ఏడ్చింది. మర్నాడు డ్యూటీకీ అంతే, ఆ పై వారమూ అంతే. అత్తయ్య ఇది చూడలేకపోయారు. "పడుకున్న పిల్లని లేపి మరీ ఏడిపిస్తావా? ఇదేం చదువమ్మా, ఎవరు నేర్పారు నీకు? హాయిగా నిద్రపోతుంటే వెళ్ళిపోక!" అని నా డబ్బా బల్ల మీద దబ్బున పెట్టారు. ఆవిడ అన్నదాంట్లో తప్పు కూడా లేదు. అబద్ధం చెప్పినన్నాళ్ళూ ఇల్లు ప్రశాంతంగా ఉంది. నిజం మొదలుపెట్టాక పొద్దున్నే ఇంటిల్లిపాదికీ ఏడుపు. నేను బూట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకుని పడుకునేదాన్ని. దానికి నా మీద నమ్మకం లేదు, నాకు దాని మీద లేదు.

బ్రిడ్జి మీద కారులో ఏడ్చుకుంటూ వెళ్ళిన ఒక రోజు, ఇక ఈ ఉద్యోగం నావల్ల కాదని మా పెద్ద నర్సుతో చెప్పేశాను. నిజం చెప్తే మంచిదన్నారు కదా, ఇదిగో ఇలా అయింది అని నిష్ఠూరంగానే అన్నాను. ఆవిడ సాండ్‌విచ్ తినడం ఆపి విన్నారు. "ఏడుస్తోందంటే, నువ్వు వెళ్తున్నావన్న మాట నమ్ముతోంది. వస్తావన్న మాట నమ్మడానికి ఇంకా టైమ్ పడుతుంది" అన్నారు. "మా పెద్దాడికి దాదాపు ఏడాది పట్టింది." ఏడాది అనగానే నా మొహం ఎలా అయిందో, ఆవిడ ఫక్కున నవ్వారు. తన సాండ్‌విచ్‌లో సగం తుంచి నాకిచ్చారు. ఆ ముగ్గురు కొడుకుల్నీ ఆవిడ ఎలా పెంచి ఉంటారో, ఎన్ని పొద్దుటిపూటలు ఫెర్రీలో కూర్చుని ఏడ్చి ఉంటారో నాకు అప్పుడు తోచింది.

ఆ వారంలోనే ఒక రోజు షిఫ్టు ముగిసేవేళకి ఒక పిల్లాడి పరిస్థితి బాగోలేక నేను ఆగిపోవాల్సి వచ్చింది. ఏడింటికి ఇంటికి ఫోన్ చేసి పిల్లకే ఇమ్మన్నాను. "ఎనిమిదికి రాలేను. తొమ్మిదవుతుంది. నిద్రొస్తే పడుకో." "నైన్?" అంది. "తొమ్మిది" అన్నాను. నేను ఇల్లు చేరేసరికి అది మెట్ల మీద నానమ్మ ఫోన్ పట్టుకుని టైమ్ చూస్తూ కూర్చుంది. నా మొహం చూడలేదు, ఫోనే చూసింది. "ఎయిట్ ఫిఫ్టీ" అని, లేచి పైకెళ్ళి పడుకుంది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు, ఆ మెట్టు మీదే కూర్చుని బూట్లు విప్పుకున్నాను.

నవంబరు మొదట్లో అందరం ఫ్లూ టీకాకి కిరాణా కొట్టులో ఉండే ఫార్మసీకి వెళ్ళాం. నేను రోజంతా జబ్బు పిల్లల మధ్య ఉంటాను కాబట్టి ఇంట్లో ఎవరూ తప్పించుకోవడానికి లేదని ఖచ్చితంగా చెప్పాను. అత్తయ్యకి ఇంజెక్షన్ అంటే వణుకు. ఏ జబ్బుకైనా హోమియో గుళికలు చప్పరించి సరిపెట్టుకునే మనిషి. పైకి మాత్రం గంభీరంగా ఉన్నారు.

మా అమ్మాయి వంతు ముందు వచ్చింది. అది కుర్చీలో నా ఒళ్ళో కూర్చుని, "హర్ట్ అవుతుందా?" అంది.

"అబ్బే, చీమ కుట్టినట్టే ఉంటుందిరా బంగారం" అన్నారు అత్తయ్య. పక్కనుంచి ఫార్మసీ అమ్మాయి కూడా, అసలు తెలియనే తెలియదని చెప్పింది. మా అమ్మాయి వాళ్ళిద్దరివైపూ చూడలేదు. వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. "అమ్మా, నువ్వు చెప్పు."

రెండు నెలల క్రితం నా సెలవు మాట నమ్మక బూటు దాచిన పిల్ల ఇది. "నొప్పేస్తుంది" అన్నాను. "ఐదు లెక్కపెట్టేలోపు అయిపోతుంది. సాయంత్రం దాకా చెయ్యి కొంచెం సలుపుతుంది. నేనిక్కడే ఉంటా." అది తల ఊపి చొక్కా చెయ్యి పైకి లాక్కుంది. సూది దిగగానే కెవ్వుమంది. ఏడుస్తూనే ఐదు లెక్కపెట్టింది. దిగి, ముక్కు తుడుచుకుంది.

తర్వాత అత్తయ్య కూర్చున్నారు. పిల్ల ముందు తగ్గకూడదని నవ్వబోయారు కానీ, చీర కొంగు గుప్పిట్లో నలిగిపోతోంది. మా అమ్మాయి వెళ్ళి ఆ గుప్పిటి మీద చెయ్యి వేసింది.

"నానమ్మా, నొప్పేస్తుంది. ఫైవ్ కౌంట్ చెయ్యి. నేను హియరే ఉంటా."

అత్తయ్య కళ్ళు గట్టిగా మూసుకుని, "ఒకటి, రెండు" అని పైకే లెక్కపెట్టారు. నాలుగు దగ్గర ఆగిపోతే పిల్ల ఐదు అందించింది. కళ్ళు తెరిచి, జబ్బ పట్టుకుని, మనవరాలివైపు ఎంతో ఆశ్చర్యంగా చూశారు. "నిజంగానే నొప్పేసిందే!" అన్నారు. "ఐ టోల్డ్ యూ నానమ్మా" అంది అది. కొట్టులోంచి కారు దాకా అత్తయ్య దాని చెయ్యి వదల్లేదు.

ఆ పై సోమవారం నాకు మళ్ళీ డ్యూటీ. రాత్రి పడుకునేటప్పుడు మా అమ్మాయి, "రేపు వేక్ చెయ్యొద్దు" అంది. ఎందుకని అడిగాను. "ఎనిమిదికి వస్తావ్ కదా. ఐ నో" అని కళ్ళు మూసుకుంది. ఆ రాత్రి బూట్లు చాప మీదే వదిలేశాను. పొద్దున్న రెండూ అక్కడే ఉన్నాయి. బయట చీకటి, వాన. అత్తయ్య డబ్బా ఇచ్చి పైకి వెళ్ళారు. గరాజ్‌లోకి దిగి తలుపు వెయ్యబోతుంటే, పైనుంచి నిద్రమొహం గొంతు వినబడింది.

"నానమ్మా, అమ్మేదీ?"

నేను ఆగిపోయాను. ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి మా ఇళ్ళల్లో ఒకటే జవాబు. తలుపు సందులోంచి ఆ జవాబు కోసమే చెవులు రిక్కించాను.

"అమ్మ డ్యూటీకి వెళ్తోందమ్మా" అన్నారు అత్తయ్య. "రాత్రి ఎనిమిదింటికి వస్తుంది. ఏడుపొస్తే ఏడువు, నేనిక్కడే ఉన్నా."

మా అమ్మాయి, "ఇవాళ దోసేనా?" అంది.

ఆ రోజు కారు వీధి చివర లేదు, గరాజ్‌లోనే ఉంది. కొంగు లేదు కాబట్టి చొక్కా చేత్తోనే కళ్ళు తుడుచుకుని, బటన్ నొక్కాను. తలుపు ఇల్లంతా దడదడలాడించుకుంటూ పైకి లేచింది.